గూటికందని పట్టీ

లాకప్ కమ్మీల వెనక కూర్చున్న షఫీఉద్దీన్ రెండు చేతులూ చాపి గాలిలో కొలత చూపించాడు.

"ముందుగాల తీగల పట్టీ గింత చేసిన సాబ్, రెండడుగులు. పని చేయలే. మల్ల చేసిన, గింత. ఒక జాన, దాని మీద నాలుగు వేళ్ళు. అడుగంటే అడుగు."

ప్రైవేటు డిటెక్టివ్ వైకుంఠం ఆ కొలతను చూడలేదు, ఆ చేతుల్ని చూశాడు. వేళ్ళ కొసల నిండా సన్నని గాట్లు. తీగలు చీల్చీ చీల్చీ పడ్డ గాట్లవి. మనిషిని గడప రాతి మీదికి తోసి చంపిన చేతులని ఇన్‌స్పెక్టర్ ప్రహ్లాద్ నిన్న మధ్యాహ్నం తేల్చేసిన చేతులూ అవే.

సంగతి ఇదీ. లాల్‌దర్వాజాలో మాణిక్యమ్మ పిండి గిర్ని మీద మేడగదిలో రామలింగయ్య అనే ఒంటరి మనిషి అద్దెకుండేవాడు. సర్కారీ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో బంగారంలాంటి ఉద్యోగం వదులుకుని ఆరేళ్ళు ఆ గదిలోనే కూర్చున్నాడు. కంప్యూటర్ తెర మీద తెలుగు అక్షరాలు తెప్పించే కార్డు ఒకటి తన చేత్తో తీగ తీగా అతికి తయారు చేశాడు. దానికి రెండోది లేదు. మంగళవారం సాయంత్రం ఆ గదిలోనే ప్రాణం పోయింది. బుధవారం పొద్దుట మాణిక్యమ్మ చూసింది. కార్డు లేదు. చివరగా ఆ మెట్లు దిగుతూ కనిపించినవాడు పత్తర్‌గట్టిలో రేడియోలూ టేపురికార్డర్లూ బాగుచేసుకునే షఫీఉద్దీన్, చంకలో కాగితం మూటతో. ఇవాళ గురువారం. రేపు పదిన్నరకు కోర్టు. అక్కడ రిమాండ్ పడిందంటే, కేసు తేలేసరికి ఈ పాతికేళ్ళవాడి గడ్డం నెరుస్తుంది.

వాడి తల్లి షౌకత్ బీ తెల్లవారక ముందే ఉప్పుగూడ దాకా నడిచొచ్చి వైకుంఠం తలుపు తట్టింది. నిజం చెప్పాలంటే ఆ తలుపు ఎవరైనా తట్టి పదిహేను రోజులైంది. భార్య పోయిన నాలుగేళ్ళలో ఆయన అన్నీ అలవాటు చేసుకున్నాడు, వంటా, చాకిరేవూ, పండగలూ. ఆ తలుపు మౌనం ఒక్కటే అలవాటు కాలేదు. పొద్దు పోక యాభై నాలుగేళ్ళ వయసులో అబిడ్స్‌లో కంప్యూటర్ క్లాసులో చేరి, 'అంకుల్' అని పిలిచే పిల్లల మధ్య మూడు నెలలు కూర్చుని వచ్చాడు. అంతకు ముందు ఇరవై ఏళ్ళు టెలిఫోన్ శాఖలో కేబుళ్ళలో లోపాలు వెతికిన మనిషి ఆయన. ఇప్పుడు మనుషుల్లో వెతుకుతున్నాడు.

"పట్టీ ఎందుకు కావాల్సొచ్చిందో మొదటికెళ్ళి చెప్పు" అన్నాడు.

"కంప్యూటర్ డబ్బల కార్డులు పెట్టే సందులుంటయి గద సాబ్. రామలింగం సార్ కార్డు రొట్టెలు చేసే పీటంత ఉంటది. సందుల పట్టదు. కార్డు బయట పెట్టి, సందుకెళ్ళి దానిదాక రిబ్బన్ కేబుల్ గుంజాలె. అరవై నాలుగు తీగల పట్టీ దొరుకుతది బజార్ల. రెండు చీరి పారేసి అరవై రెండు చేసి, రెండు కొసలకు పళ్ళ కనెక్షన్ ఒత్తి ఇచ్చిన."

"రెండడుగులది ఎందుకు పని చెయ్యలే?"

"దూరమైతే దానికి మతిమరుపొస్తది సాబ్. ఇక్కడ చెప్పిన మాట అక్కడికి పొయ్యేసరికి ఇంకోటైతది. ఒక తీగ మాట పక్క తీగకు ఇనవడ్తది. అడుగు లోపలుంటే సాఫ్ నడుస్తది."

వైకుంఠం తల ఊపాడు. రెండు ఇళ్ళ మాటలు ఒకే ఫోన్లో కలిసిపోవడం ఆయన ఎరగనిది కాదు.

"చంకలో మూట ఏంది?"

"ఆ పాత రెండడుగులదే. కనెక్షన్లు ఊడదీసి మల్ల వాడుకుందామని పేపర్ల చుట్టి తెచ్చిన. పోలీసోళ్ళు దుకాణంల దొరకబట్టింది గదే. అయిదింటికి పోయి కొత్తది ఇచ్చిన. కరెంటు లేకుండె. జర సేపు చూసి వచ్చేసిన. అది నడిచిందో లేదో కూడ నాకు తెల్వదు సాబ్." షఫీ తన వేళ్ళ గాట్లకేసి చూసుకున్నాడు. "ఆయనకు ఎర్ర రంగు కండ్లకు ఆనదు. పట్టీకి మొదటి తీగ ఎర్రగుంటది, ఆయనకు తెల్వదు. అందుకే జరీ పోగు ముడేసి ఇస్త. మా అబ్బా బట్టల మీద జరీ కుట్టే కార్చోబీ పని చేసేటోడు, బట్ట మొదలుకు గట్లనే గుర్తు కట్టేటోడు. పోగు డబ్బ వెనక దిక్కుకు రావాలె. ఉల్టా పెట్టిన్రంటే కార్డు కాలిపోతది."

"ఆయన దగ్గరికి ఇంకెవరొచ్చేది?"

"ఎవరొస్తరు సాబ్. కంప్యూటర్ చాలు చేసినప్పుడల్ల అది తారీఖు అడుగుతది, టైం అడుగుతది. ఆయన ఒక్కసారి సుత కొట్టలే. ఉట్టిగ ఎంటర్, ఎంటర్. ఎందుకు సార్ అంటే, నాకే టైంతోని పని లేదు, నా తాన ఎవరొస్తరని, దానికెందుకు టైం అనేటోడు."

వైకుంఠం జేబులోంచి తీయబోయిన బీడీ కట్ట తీయకుండా ఆగిపోయాడు. ఆ మాట ఎక్కడో తగిలింది. గుండెలో తగిలింది ఒకటి, బుర్రలో తగిలింది ఒకటి. ముందు బుర్ర సంగతి చూసుకోవాలి.

"నీకు తెలుగు చదవొస్తదా?"

"మాట్లాడొస్తది. చదువు ఉర్దూలయింది సాబ్. ఎందుకు?"

"ఊరికే" అని లేచాడు.

తలుపు దగ్గర ప్రహ్లాద్ నిలబడి ఉన్నాడు. ముప్పై నాలుగేళ్ళ మనిషి, ఇస్త్రీ చెదరదు, లంచం ముట్టడు, తన మాట తప్పని ఒప్పుకోడు. మొదటి రెండూ ఉన్నందుకు మూడోదాన్ని వైకుంఠం ఎప్పుడూ క్షమిస్తూ వచ్చాడు.

"అయిందా పెద్దాయనా? పట్టీ కొలతలు తీసుకున్నారా? పాంటు కుట్టిస్తారా?"

"గది చూపిస్తే కుట్టిస్త."

"గదిలో మేము చూడనిది ఏముంది?"

"చూసిన్రు. కొలవలేదు."

ప్రహ్లాద్ గడియారం చూసుకున్నాడు. "నాలుగింటికి నాకు చార్మినార్ దగ్గర బందోబస్తు. గంట ఇస్తాను. రేపు కోర్టులో మీరు అడ్డం రాకుండా ఉండటానికి ఆ గంట."

లాల్‌దర్వాజా చేరేసరికి రెండూ పది. కింద గిర్ని నడుస్తోంది. మాణిక్యమ్మ వెంట్రుకలూ కనురెప్పలూ తెల్లగా పిండి పట్టి ఉన్నాయి. వైకుంఠం ఆమెను పక్క సందులోకి పిలిచాడు. లోపల మాట్లాడితే తన మాట తనకే వినపడదు.

"మంగళవారం కరెంటు ఎన్నింటికి వచ్చిందమ్మా?"

"రోజు మూడున్నరకు పోయి అయిదున్నరకు వస్తది. ఆ దినం లేటయింది. ఆరుకు పది నిమిషాలు తక్కువకు వచ్చింది. గిరాకీ లైన్ల నిలబడి లొల్లి చేస్తుంటే గడియారం దిక్కు చూసి చూసి నా మెడ పట్టుకుపోయింది."

"షఫీ దిగిందెప్పుడు?"

"కరెంటు రాకముందే. నాకు సలాం జెప్పి మరీ పోయిండు. ఇన్‌స్పెక్టర్ సాబ్‌కు గదే చెప్పిన."

"ఆ తర్వాత ఎవరన్న మెట్లెక్కిన్రా?"

"గిర్ని నడుస్తుంటే మీదికి ఏనుగు ఎక్కినా నాకు ఇనరాదు సారూ. మధ్యల ఆరున్నరకు బెల్టు జారింది. మెకానిక్ అంజన్నను పిలుచుకరాను పోయిన. వాడొచ్చి ఎక్కిచ్చేసరికి పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయితుండె."

"అంటే ఓ పావుగంట ఇక్కడ గిర్నీ లేదు, నువ్వూ లేవు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. పిండి పోలేదు, తడిసి ముద్దైంది. "ఆరేండ్ల సంది ఉండె. అన్నా, బువ్వ తిన్నవా అని రోజు అడుగుదామనుకుంట. ఈ సప్పుడుల ఎన్నడు అడగకనే పోతి." కొంగు దులుపుకుంటూ మళ్ళీ అంది. "మూడున్నరకు కరెంటు పోతనే నేను తాళమేసి నీళ్ళకు పోత. ఏమన్న అడిగేదుంటే గంతల్నే అడుగున్రి."

మేడమెట్లు బయటి గోడకు ఉన్నాయి. పద్దెనిమిది రాతి మెట్లు. వైకుంఠం లెక్కపెట్టుకుంటూ ఎక్కాడు.

గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, ఒక కంచం, ఒక గ్లాసు. రెండో మనిషి వస్తే కూర్చోవడానికి మంచమే. ఇలాంటి గది వైకుంఠానికి కొత్త కాదు, ఉప్పుగూడలో తనది ఒకటుంది. గోడ వారగా బల్ల, బల్ల మీద చెక్కపీట, పీట మీద కంప్యూటర్ డబ్బా. మూత తీసి పక్కన పెట్టి ఉంది. లోపలి సందు ఖాళీ. బల్లకు కుడిపక్క గోడలో చిన్న గూడు. దాని తలుపులు పీకి ఉన్నాయి, అందులోని పాత పుస్తకాలూ తీగచుట్టలూ నేల మీద చెల్లాచెదురుగా ఉన్నాయి. గదిలో ఇంకేదీ చెదరలేదు. గడప రాయి మీది మరకను ఎవరో కడిగినా పూర్తిగా పోలేదు.

కింద గింజలు పోయడానికి గిర్ని కాసేపు ఆపారు. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఒకటి టక్కుమని పడుతోంది, ఇంకొకటి చెప్పు ఈడ్చుకుంటూ చర్రుమంటోంది. తెల్ల పైజామా లాల్చీ మనిషి ఆయాసపడుతూ లోపలికొచ్చాడు. ఈయన సోమశేఖర్. పత్తర్‌గట్టిలో పెళ్ళిపత్రికల ప్రెస్సు నడుపుతాడు, రామలింగయ్యకు ఈ కంప్యూటర్ కొనిపెట్టింది ఆయనే. ఎప్పుడో మోటార్ సైకిల్ మీంచి పడి ఎడమకాలు కుంటుతుంది.

"కార్డు ఏమైన తెలిసిందా ఇన్‌స్పెక్టర్ సాబ్?" రావడం రావడం అదే ప్రశ్న.

చనిపోయినవాడి గురించి ఒక్క మాటైనా అడుగుతాడేమోనని వైకుంఠం కాసేపు చూశాడు. అడగలేదు.

"కార్డు మీరు చివరిసారి ఎప్పుడు చూసిన్రు?" వైకుంఠమే అడిగాడు.

"ఆదివారం. ఆ గూట్లనే పెట్టుకునేటోడు. గూట్లకెళ్ళి పట్టీ ఈ డబ్బలకు. దానికి అగరుబత్తి వెలిగిచ్చుడొక్కటే తక్కువ."

"మంగళవారం?"

"అయిదున్నరకు వచ్చిన. కరెంటు లేదు, ఎక్కుడెందుకని కింది నుంచే మర్లిపోయిన. మల్ల రాలేదు."

"సరే. మీరు జర కింద కూర్చోండి. పిలుస్త."

టక్కూ చర్రూ దిగిపోయాయి. గిర్ని మళ్ళీ మొదలైంది. వైకుంఠం జేబులోంచి దారం ఉండ తీసి, డబ్బాలో సందు దగ్గర ఒక కొస పట్టుకుని గూటి దాకా లాగి, ముడి వేసి, తన చేత్తో కొలిచాడు.

"రెండడుగులకు రెండు వేళ్ళు తక్కువ. గూడొక్కటే ఎందుకు చెదిరింది ఇన్‌స్పెక్టర్ సాబ్?"

"దొంగ దొరికేదాకా వెతుకుతాడు. మొదటి చోటే దొరికితే ఆపేస్తాడు. మీ కేబుళ్ళలో ఈ సూత్రం లేదా?"

"ఉంది. కాని మొదటి చోటు గూడు అని వాడికెట్ల తెలుసు?"

"షఫీ రోజూ వచ్చేవాడు. తెలుసు."

"షఫీకి తెలిసింది వేరే. రెండడుగుల పట్టీ పని చెయ్యలేదని తెలుసు. మంగళవారం తన చేత్తోనే అడుగు పట్టీ చేసి ఇచ్చిండు. అడుగు పట్టీ గూటికి అందదు. కార్డు ఇగ గూట్ల ఉండదని ఈ పట్నంల తెలిసిన ఒకే ఒక్క మనిషి వాడు. గూడు పీకినోడికి ఆదివారం సంగతి తెలుసు, మంగళవారం సంగతి తెల్వదు."

ప్రహ్లాద్ ఆ దారం ముడి చేతిలోకి తీసుకుని చూశాడు. తర్వాత గట్టిగానే చెప్పాడు. "కంప్యూటర్ నడవనప్పుడు కార్డు తీసి గూట్లో దాచుకుని ఉండొచ్చు. ఆ సంగతి షఫీ చూసి ఉండొచ్చు. కోర్టులో మీ దారం ముడి నిలబడదు."

మాట నిజమే. వైకుంఠం ఒప్పుకుని, కంప్యూటర్ మీట నొక్కాడు. అది తారీఖు అడిగింది, టైం అడిగింది. ఎంటర్, ఎంటర్. ఫ్లాపీలో ఉన్న ఫైళ్ళ పట్టిక తెప్పించాడు. ఆఖరి వరస మీద వేలు పెట్టాడు. తారీఖు ఒకటి జనవరి పంతొమ్మిది వందల ఎనభై. వేళ రాత్రి పన్నెండు నలభై ఏడు.

ప్రహ్లాద్ నవ్వాడు. "ఇది మేమూ చూశాం. ఇప్పుడు నడుస్తున్నది ఎనభై ఏడు. ఏడేళ్ళ కిందటి అర్ధరాత్రి ఇక్కడ గిర్నీ కూడా లేదేమో."

"దీనికి లోపల గడియారం లేదు సాబ్. మనం టైం చెప్పకపోతే, మీట నొక్కిన క్షణాన్నే ఎనభై జనవరి ఒకటి, అర్ధరాత్రి పన్నెండు అనుకుని అక్కడి నుంచి లెక్క పెట్టుకుంటది. రామలింగయ్య ఎన్నడూ టైం చెప్పలేదు. పన్నెండు నలభై ఏడంటే అర్ధరాత్రి కాదు. మీట నొక్కిన నలభై ఏడు నిమిషాలకు ఈ ఫైలు ఫ్లాపీల ఎక్కిచ్చిండని. ఆరుకు పది నిమిషాలు తక్కువకు కరెంటొచ్చింది, రాంగనే మీట నొక్కిండనుకోండి. దానికి నలభై ఏడు కలపండి."

"ఆరూ ముప్పై ఏడు." ప్రహ్లాద్ మొహంలో నవ్వు పోయింది. అంతలోనే తేరుకున్నాడు. "ఏ రోజు ఆరూ ముప్పై ఏడు? దీని లెక్కలో అన్ని రోజులూ జనవరి ఒకటే కదా. సోమవారం రాసి ఉంటే?"

"అది లోపలి రాత చెప్పాలె."

ఫైలు తెరిచాడు. తెర నిండా నవ్వుమొహాలూ గీతలూ డబ్బాలూ ఏవేవో గుర్తులూ పారాయి. అందులో ఒక్క అక్షరం లేదు.

"ఇవి తెలుగు అక్షరాలే. కార్డు ఉంటేనే తెలుగవుతయి. కార్డు లేకుంటే అసలు ఆ ప్రోగ్రాం రాయనే రాయనియ్యదు. అంటే ఇది రాసేటప్పుడు కార్డు ఈ గదిలనే ఉంది."

"మంచిది. ఆ కార్డు తెచ్చి, ఇది మంగళవారం రాతే అని చదివి వినిపించండి. షఫీని నేనే ఇంటి దగ్గర దింపి వస్తాను. లేదంటే రేపు పదిన్నర." ప్రహ్లాద్ తాళంచెవి బల్ల మీద పెట్టాడు. "మూడున్నరకు కరెంటు పోతుంది. తాళం వేసి మాణిక్యమ్మకు ఇవ్వండి. నేను ఆరు తర్వాత స్టేషన్‌లో ఉంటాను."

ప్రహ్లాద్ దిగిపోయాడు. కింద జీపు కదిలింది. గదిలో వైకుంఠం ఒక్కడే మిగిలాడు. అప్పటికి మూడుకు అయిదు నిమిషాలు తక్కువ.

రామలింగయ్య కుర్చీలో కూర్చున్నాడు. పట్టీ చేయమని చెప్పినవాడు కొలత నోటికొచ్చినట్టు చెప్పడు. ఇక్కడి నుంచి ఇక్కడికి అని చూసుకునే చెబుతాడు. గూటికి కొలిచి రెండడుగులన్నాడు. అది పని చేయక అడుగన్నాడు. అడుగు ఎక్కడికి కొలిచాడు? కార్డుకు కొత్త చోటు చూసుకున్నాకే కదా అడుగన్నాడు?

సందు దగ్గర చిటికెనవేలు ఆనించి జాన చాపాడు. డబ్బా వెనక గోడ మీదుగా కిందికి వంచాడు. జాన అయిపోయింది. ఇంకా నాలుగు వేళ్ళు. ఆ నాలుగో వేలు పోయి పీట చెక్కకు తగిలింది.

పోలీసులు డబ్బా లోపల చూశారు, బల్ల కింద చూశారు, పరుపు ఎత్తి చూశారు. కార్డు డబ్బాలోనే ఉంటుంది, లేదంటే దొంగ దగ్గర ఉంటుంది అనుకున్నారు గానీ డబ్బా కూర్చున్న పీటను ఎవరూ పట్టించుకోలేదు. మూడు వైపులా మూసి ఉంది ఆ పీట, వెనక గోడవైపు మాత్రం తెరిచి ఉంది. వైకుంఠం చెయ్యి దూర్చాడు. వేళ్ళకు చల్లని పలకా, దాని మీద ముళ్ళలాంటి తీగలూ తగిలాయి. మెల్లగా బయటికి లాగాడు. చేత్తో అతికిన వేల తీగల పలక. దానికి అంటుకుని మడత పెట్టిన బూడిదరంగు పట్టీ. పట్టీ కొసన, సన్నగా మెరుస్తూ జరీ పోగు.

"బాపురే" అన్నాడు పైకే, వినేవాళ్ళు లేకపోయినా.

అయితే రామలింగయ్య దీన్ని సందులోంచి పీకి లోపలికి తోశాడన్నమాట. నడుస్తున్న పని మధ్యలో ఆపి దాచాడు. ఎవరి నుంచి?

మీట ఆపి, పట్టీ కొసను సందు మీద ఆనించాడు. పోగు డబ్బా వెనక దిక్కుకు రావాలి. తప్పు పెడితే ఉన్న ఒక్క సాక్షీ కళ్ళముందే కాలిపోతాడు, షఫీ బతుకూ దాంతోపాటే పోతుంది. పోగు రెండుసార్లు చూసుకున్నాడు, మూడోసారి వేలితో తడిమి చూసుకున్నాడు. అప్పుడు నొక్కాడు. మీట వేసి, కాసేపు ముక్కు ఎగబీల్చి వాసన చూశాడు. కాలిన వాసన రాలేదు. ఎంటర్, ఎంటర్. అప్పటికి మూడూ పద్దెనిమిది.

మొదట తెర ఖాళీగా ఉంది. తర్వాత ఒక్కొక్క వరసే పైనుంచి దిగింది. గుండ్రని అక్షరాలు, తలకట్లతో, ఒత్తులతో.

'షఫీకి.

నీ కొత్త పట్టీ పని చేసింది. ఒత్తు పోలేదు, గుణింతం జారలేదు. ముప్పావుగంట సంది నడుస్తనే ఉంది. కరెంటు రాకముందే పోతివి. ఉంటే నీ కండ్లతోని చూసేటోనివి.

ఆరేండ్లు ఈ అక్షరాలు చేసిన. ఇయ్యాల అన్ని కుదిరినయి, ఎవరికన్న ఉత్తరం రాద్దామని కూసున్న. చాన సేపు ఎవరు యాదికి రాలేదు. ఆఖరికి నువ్వొచ్చినవ్. నీకు తెలుగు చదవొస్తదో రాదో ఇన్ని దినాలల్ల నేను అడగనే లేదు. రాకుంటే ఫికర్ లేదు, రేపు రా, నేనే చదివి ఇనిపిస్త.

గిర్ని ఆగింది. ఇగ మెట్ల సప్పుడు ఇనవడ్తది. ఈ మెట్ల మీద నాకు మూడు సప్పుళ్ళే తెలుసు. మాణిక్యమ్మ గాజులు. నీ ఉరుకుడు. ఇది మూడోది, ఒక అడుగు పడ్తది, ఒక అడుగు ఈడుస్తది. కార్డు బొంబాయి కంపెనీ వాళ్ళకు అమ్ముదామంటే ఇయ్యనని ఆదివారమే చెప్పిన. మల్ల వస్తున్నడు సోమశేఖర్. కార్డు దాస్త. ఉంట.'

వైకుంఠం కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివాడు. గిర్ని ఆగింది. మంగళవారం ఆరున్నరకు బెల్టు జారింది, ఆరూ ముప్పై ఏడుకు ఈ మాట పడింది, ఆరూ నలభై దాటాక అజాన్. ఇక దీన్ని సోమవారం అని ఎవడూ అనలేడు. కేసు తేలిపోయింది. సంతోషం కలగాల్సిన చోట మాత్రం ఆయనకు దుఃఖమే వచ్చింది. తనే గనక అలా ఉత్తరం రాయడానికి కూర్చుంటే ఎవరు గుర్తొస్తారు? చాలాసేపు ఆలోచించాడు. షఫీకి ఈ ఉత్తరం చదివి వినిపించాల్సిన మనిషి లేడు కాబట్టి తనే చదవాలి. ఇవాళే, ఆ కమ్మీల దగ్గర కూర్చుని చదవాలి.

దీన్ని కాగితం మీదికి ఎక్కించుకోవాలని ప్రింటర్ వైపు చెయ్యి చాపాడు.

తెర ఆరిపోయింది. తల మీద ఫ్యాను రెండు చుట్లు తిరిగి ఆగింది. కింద గిర్ని మూలిగి మూలిగి నిలిచిపోయింది. మూడున్నర.

అంతసేపు ఆ మోతలో ఉన్న చెవులకు ఆ నిశ్శబ్దం చాలా పెద్దదిగా తోచింది. గొళ్ళెం వేసిన చప్పుడు, బిందెల చప్పుడు, మాణిక్యమ్మ గాజులు సందు చివరికి పోయి వినపడకుండా అయ్యాయి.

అప్పుడు మెట్ల మీద టక్కుమంది. ఆ వెంటే చర్రుమంది.

కింద కూర్చోమని తనే చెప్పాడు. పిలుస్తానని కూడా చెప్పాడు. ప్రహ్లాద్ వెళ్ళాక ఆ మనిషి సంగతే మరిచాడు. ఇన్నేళ్ళ పనిలో ఇంత పెద్ద పొరపాటు వైకుంఠం చేయలేదు.

ఫ్లాపీ లాగి బనీను లోపల పెట్టుకున్నాడు. సందులోంచి పట్టీ పీకాడు. తొమ్మిది మెట్లు. కార్డును పీట కిందికి తోశాడు, జరీ పోగు బయట కనపడకుండా లోపలికి మడిచాడు. పదమూడు. మొన్న సాయంత్రం రామలింగయ్య చేతులు ఏం చేశాయో సరిగ్గా అదే తన చేతులూ చేస్తున్నాయని అప్పుడు తెలిసింది.

పద్దెనిమిది.

సోమశేఖర్ గడప రాయి దాటి లోపలికొచ్చాడు. చూపు ముందు గూటికేసి పోలేదు, ఈసారి తిన్నగా వైకుంఠం మోచేతులకు అంటిన దుమ్ముకేసి పోయింది.

"పిలుస్తనన్నరు. పిలువకపోతిరి" అన్నాడు మెల్లగా. వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపి తలుపు మూశాడు. లోపలి గడియ పడింది. "పట్టీ గూటికి అందదని దారం పట్టి కొలిచిన్రంట గద. మెట్ల మీద నిలబడి ఇన్న. మరి ఎక్కడిదాక అందుతది సార్?"

కింద గిర్ని మౌనంగా ఉంది. రామలింగయ్యకు ఆ అడుగుల చప్పుడు రాసిపెట్టుకునేందుకు కరెంటైనా ఉంది. వైకుంఠానికి అదీ లేదు.